మూడు వేళ్ళ సందు

పైపుల పనిలో ముప్ఫై అయిదేళ్ళు చెయ్యి తిరిగిన మనిషిని అతుకు వెయ్యడం చేతకానివాడని అన్నారు. అది అబద్ధం. ఆసుపత్రి తాగునీళ్ళలో మురుగు కలిసింది ఆయన వేసిన అతుకు వల్ల కాదు. హైదరాబాదులో కంప్యూటర్ మీద తయారుచేసిన బొమ్మలో తప్పుంది. ఆ బొమ్మని నమ్మి, ఆయన సరిగ్గా చేసిన పనిని తప్పుగా మార్పించింది నేను. బొమ్మ చేసినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. నన్నూ అనలేదు. ఆయన్ని మాత్రం అన్నారు.

ఇది ముందు చెప్పకుండా తక్కిన కథ చెప్పడం నాకు చేతకాదు. చెప్పాను కాబట్టి ఇక మొదటికి వెళ్తాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. గుంటూరు పక్కన పత్తి జిన్నింగ్ మిల్లులో యంత్రాలకి నూనె పోసే పనికి చేరాను. మిల్లు ఆఫీసులో మూలన పడేసిన ఇంగ్లీషు పుస్తకాలుండేవి, యంత్రాలతోపాటు వచ్చినవి. వాటిని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి మోటార్ల పని, కరెంటు పని నేర్చుకున్నాను. పటాలు చదవడం కూడా అలాగే వచ్చింది. మొదట చెప్పిన ఆయన పెదకాకాని వైపు సాయిబు. మిల్లులో నీళ్ళ లైన్లన్నీ ఆయన చేతిమీదే నడిచేవి. దూదికి నిప్పంటుకుంటే ఆర్పడానికి వేసిన పెద్ద లైను కూడా ఆయన వేసిందే. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మొదటి రోజే నన్ను "ఏం బావా" అన్నాడు. ఏ వరసన బావనయ్యానో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆఖరిదాకా అదే పిలుపు.

తొంభైల చివర్లో మా వైపు మిరప కోల్డు స్టోరేజీలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. మేమిద్దరం మిల్లు మానేసి వాటి పనుల్లో పడ్డాం. అప్పట్లో మా చేతికి మూడు కాగితాలు వచ్చేవి. కట్టడం పటం ఒకరు గీసేవాళ్ళు, కరెంటు పటం ఇంకొకరు, పైపుల పటం మరొకరు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసినవాళ్ళు కారు. ఆ మూడూ కలుసుకునేది మా నెత్తిమీదే. ఒకచోట చల్లదనానికి వేసే అమ్మోనియా గ్యాసు పైపు నేరుగా వెళ్ళి బీముకి కొట్టుకుంది. బయట రోడ్డు మీద మిరప టిక్కీలు, అదే బస్తాలు, వేసుకున్న లారీలు బారులు తీరి ఉన్నాయి, లోపల మేము శానం, సుత్తి పెట్టి బీముకి కన్నం పొడుస్తున్నాం. ఆ దెబ్బ ఒక్కొక్కటీ నా ఎముకల్లో వినపడేది. మోసే బీముని పొడవకూడదని చదివినవాణ్ణి నేనే, పొడిచినవాణ్ణీ నేనే.

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పని మొదలెట్టే ముందు నేల ఊడిపించి, నేను పటాలు చదివి కొలతలు చెబుతుంటే, వాటిలో ఉన్నవన్నీ అసలు కొలతకి దానిమీద గీసేవాడు. నీళ్ళు సుద్దతో, కరెంటు ఎర్ర ఇటుక ముక్కతో, గ్యాసు బొగ్గుతో. మోకాళ్ళ మీద పాకుతూ సగం పూట గీసేవాడు. రెండు రంగులు ఒకదాన్నొకటి దాటే చోట గొంతుక్కూచుని, "ఇక్కడ వీళ్ళిద్దరూ కొట్టుకుంటారు బావా, ముందే పెద్దమనుషుల్ని కూచోబెడదాం" అనేవాడు. అప్పుడు ఎవరు పైన వెళ్ళాలో ఎవరు కింద వెళ్ళాలో ఇద్దరం తేల్చుకునేవాళ్ళం. ఆయనకి చదువు లేదు. సంతకం ఉర్దూలోనూ తెలుగులోనూ చేసేవాడు, అంతవరకే.

రెండు వేల సంవత్సరం దాటాక నాకు యాభై నాలుగో ఏడు నడుస్తుండగా గుంటూరులో కంప్యూటర్ మీద పటాలు గీయడం నేర్పేచోట చేరాను. పక్కన కూచున్నవాళ్ళంతా నా మేనల్లుడి పిల్లల వయసు. ఫ్యాను కింద కుర్చీ నాకు వదిలేసేవాళ్ళు. మౌసు పట్టుకోవడం వచ్చేసరికి నెల పట్టింది. అయినా వచ్చింది. నాకు రానిది ఏదీ ఉండకూడదనే పొగరు నాకు మొదటినుంచీ ఉంది. ఆ పొగరు తర్వాత నాచేత చేయించిన పనే ఈ కాగితం మీద రాస్తున్నాను.

ఏడెనిమిదేళ్ళకి ఒక ట్రస్టువాళ్ళు ఊరి బయట పత్తి చేను కొని ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. కాంట్రాక్టరు మాకు కోల్డు స్టోరేజీల నాటినుంచి తెలిసినవాడు. ఈ కట్టడం పటాలు కాగితం మీద రావని, కంప్యూటర్లో మొత్తం భవనమే బొమ్మగా వస్తుందని, దాన్ని చదివి పనివాళ్ళ చేత చేయించే మనిషి కావాలని నన్ను పిలిచాడు. పైపుల పనికి నేను ఆయన్ని తీసుకెళ్ళాను.

హైదరాబాదు ఆఫీసునుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చి రేకుల షెడ్డులో కూచునేది. ఆ అమ్మాయి మొదటిసారి ఆ బొమ్మని తెరిచి చూపించిన రోజు నాకు బాగా గుర్తు. గోడలు తీసేస్తే లోపలున్న పైపులన్నీ గాలిలో నిలబడ్డాయి. నీళ్ళు నీలం, మురుగు గోధుమ రంగు, ఆక్సిజను తెలుపు, కరెంటు ట్రేలు నారింజ రంగు, చల్లగాలి వెళ్ళే డక్టులు ఆకుపచ్చ. ఆ డక్టుల్లో ఒకదాని లోపలికి దూరి, పాము లోపల ప్రయాణం చేసినట్టు ఈ చివరినుంచి ఆ చివరకి వెళ్ళాం. ఆపరేషన్ గది పైన ఆకుపచ్చ డక్టు, మంటలార్పే పైపు ఒకదాన్నొకటి పొడుచుకున్నచోట ఎర్రగా వెలిగింది. ఇంకా పునాది కూడా పడలేదు. కట్టకముందే గొడవ ఎక్కడొస్తుందో ఆ యంత్రం చెప్పేసింది. నేను బీముని శానంతో పొడిచిన రోజు తలుచుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి. ఇప్పుడిది రాస్తూ కూడా ఆ పనిముట్టుని నేను తిట్టలేను.

ఆయన వెనక నిలబడి చూస్తున్నాడు. "టీవీలో ఏం సినిమా బావా?" అన్నాడు మొదట. డక్టూ పైపూ కొట్టుకున్న చోటు చూశాక మాత్రం దగ్గరకి వచ్చి వంగి చూశాడు. "నా సుద్దముక్కకి సెలవు ఇచ్చేశారు" అని నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపేమీ లేదు, నిజంగా సంతోషించాడు. మోకాళ్ళు అప్పటికే నొప్పులు.

భవనం లోపల పని నల్లేరు మీద బండిలాగా సాగింది. బొమ్మలో చూడటం, కొలవడం, బిగించడం. పేచీ బయటి పైపుల దగ్గర వచ్చింది.

మాది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు ఇస్తుంది, వానలకి ఉబ్బుతుంది. పునాదులు లోతుకి వెళ్తాయి కాబట్టి భవనం నిలబడే ఉంటుంది, చుట్టూ నేల మాత్రం ఏడాదికోసారి లేచి, మళ్ళీ కుంగుతుంది. గోడలోంచి బయటికొచ్చి చాంబరు గుంటకి పోయే మురుగు పైపుకి సగం ఒళ్ళు కదలని గోడలో, సగం ఒళ్ళు కదిలే నేలలో ఉంటుంది. అందుకని ఆయన ఎండాకాలం వెళ్ళి కట్టబోయే చేలో నెర్రెలో చెయ్యి పెట్టి చూసేవాడు. మణికట్టు దాకా దిగితే గోడలో పైపు చుట్టూ రెండు వేళ్ళ సందు వదలాలి. మోచేతి దాకా దిగితే మూడు వేళ్ళు. ఆ సందులో తారులో ముంచిన గోనె కూరి, బయట పైపు కింద ఇసుక పరుపు వేసి, గోడ దాటగానే రబ్బరు రింగుతో రెండు వదులు అతుకులు పెట్టేవాడు. నేల లేస్తే పైపు దానితో లేస్తుంది, కుంగితే కుంగుతుంది, తెగదు. ఆయన వేసిన ఏ కోల్డు స్టోరేజీలోనూ మురుగు పైపు తెగిందని నేను వినలేదు.

ఆసుపత్రి చేలో ఆయన చెయ్యి మోచేయి దాటి దిగింది.

బొమ్మలో గోడ కన్నం పైపుకి సరిగ్గా సరిపోయేంత ఉంది. చుట్టూ సిమెంటు. చాంబరు దాకా ఒకటే బిగువైన పైపు. ఆయన షెడ్డుకి వచ్చి, బురద చేత్తో తెర మీద వేలు పెట్టకుండా దూరంనుంచే చూపిస్తూ, ఇక్కడ సందు కావాలమ్మా అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు, మోచెయ్యి చూపించి మరీ. ఆ అమ్మాయి ఎగతాళి చెయ్యలేదు, శ్రద్ధగానే వింది. విని, తనకి తెలిసిన నిజం చెప్పింది.

"అంకుల్, ఈ బొమ్మలో నేల కదలదు. మేము నేల అంటే ఒక పలక గీస్తాం, అంతే."

హైదరాబాదుకి ఫోను చేసి అడిగింది కూడా. అక్కడి పెద్దాయన, మట్టి సంగతి పునాదులు లెక్కకట్టినవాళ్ళు చూసుకున్నారు, పైపులవాళ్ళకి దానితో పనిలేదు అన్నాడట. పక్కనే ఉన్న కాంట్రాక్టరు, కంప్యూటర్ కంటే నీ మోచెయ్యి గొప్పదా సాయిబూ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన వెళ్ళి తన పద్ధతి ప్రకారమే వేశాడు. మూడు చోట్ల మురుగు పైపులు భవనం దాటుతాయి. మూడు చోట్లా మూడు వేళ్ళ సందు, గోనె, ఇసుక, వదులు అతుకులు.

నెలాఖరుకి హైదరాబాదునుంచి తనిఖీ వచ్చింది. కట్టింది బొమ్మతో సరిపోయిందో లేదో కొలిచి, సరిపోనిచోట బొమ్మ మీద ఎర్ర గుర్తు పెట్టడం వాళ్ళ పని. భవనం మొత్తం మీద ఎనిమిది గుర్తులు పడ్డాయి. అయిదు చిన్నాచితకా, ఆ రోజే సర్దేశాం. తక్కిన మూడూ ఆయనవి. ఆ ఎర్రరంగు పోయేదాకా పని పూర్తయినట్టు రాసేది లేదన్నారు. నేను బొమ్మ చదివి, నేను నడిపించిన పని, ఏడో తరగతివాడు నడిపించిన పని, ఎర్ర మచ్చ లేకుండా ఉండాలని నాకు పట్టుకుంది. కాంట్రాక్టరు నన్ను బలవంతపెట్టాడని రాస్తే ఇక్కడ తేలిగ్గా ఉంటుంది. అతను పెట్టలేదు. నేనే వెళ్ళాను.

ఆయన గోతిలో నిలబడి చాంబరు దగ్గర ఇసుక సర్దుతున్నాడు. నేను గట్టుమీద నిలబడి, ఆ సందులు సిమెంటుతో పూడ్చెయ్యి, వదులు అతుకులు తీసేసి బిగువుగా ఒక్క పైపు వెయ్యి అన్నాను. ఆయన తల ఎత్తకుండా ఇసుక సర్దుతూనే ఉన్నాడు.

"నీకు తెలుసుగా బావా" అన్నాడు చివరికి.

"తెలుసు. కానీ బొమ్మలో అలా లేదు."

"నేల బొమ్మ చూసి ఉబ్బుతుందా?"

నేను విసుక్కున్నాను. కాలంతోపాటు మారాలి, నీ సుద్దముక్క రోజులు కావివి అన్నాను. ఆ మాట అని ఉండకూడదు. ఆయన తాపీ తీసుకున్నాడు.

"నువ్వు చెప్పావు కాబట్టి వేస్తున్నా. వాళ్ళు చెబితే వేసేవాణ్ణి కాదు."

రెండు రోజుల్లో మూడు చోట్లా పూడ్చేశాడు. బొమ్మలో ఎర్రరంగు పోయింది. ఇంజినీరమ్మ నాతో చెయ్యి కలిపింది. శీతాకాలంలో ఆసుపత్రి తెరిచారు. పూలదండలు, పెద్దల ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి, మాకు వెనక వరసలో కుర్చీలు వేశారు.

ఎండాకాలం వెళ్ళి, తొలకరి వానలు రెండు గట్టిగా పడ్డ వారానికి ఆసుపత్రిలో రోగులకి, వాళ్ళ పక్కనున్నవాళ్ళకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నయం చేయించుకోవడానికి వచ్చినవాళ్ళకి ఇంకో జబ్బు తగిలింది. ప్రాణాలు ఎవరివీ పోలేదు. తాగునీళ్ళ సంపులో వాసన పట్టాక బయట తవ్వారు. మేమిద్దరం అక్కడే ఉన్నాం. గోడ ఆనుకుని మురుగు పైపు కత్తితో కోసినట్టు తెగి ఉంది. సంపుకి పోయే బోరు నీళ్ళ పైపు దాని కిందనుంచే దాటుతుంది, ఆ నేల దాన్ని కూడా కదిలించి ఒకచోట సడలగొట్టింది. బొమ్మలో ఆ రెండింటికీ మధ్య కావలసినంత ఎడం ఉంది, కాబట్టి అక్కడ ఎర్రరంగు ఎప్పుడూ వెలగలేదు.

ఆయన గోతిలోకి దిగి తెగిన పైపుని అరచేత్తో తుడిచాడు. గోడ దగ్గర ఆయన కలిపిన అతుకు అతుకుగానే ఉంది, చెక్కు చెదరలేదు. దాని పక్కన జానెడు దూరంలో పైపే తెగింది. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది.

హైదరాబాదు పెద్దాయన కారు దిగి వచ్చాడు. గోతిలోకి చూడలేదు. కంప్యూటర్ తెరిపించి చూసి, మోడల్లో అంతా సరిగ్గానే ఉంది, వేసిన చేతిలోనే తేడా ఉంది అన్నాడు. ట్రస్టు పెద్దలు కాంట్రాక్టరు వైపు చూశారు. కాంట్రాక్టరు గోతి వైపు చూశాడు. సాయిబుకి అతుకు వెయ్యడం రాదని ఎవరన్నారో, ముందు ఎవరి నోట్లోంచి వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తు రాదు. ఒకసారి అన్నాక అందరూ అన్నారు.

అతుకు బాగానే ఉంది, పైపు చూడండి అని నేను రెండుసార్లు అన్నాను. అన్నానని చెప్పుకోవడానికి పనికొస్తుంది, అంతే. అసలు చెప్పవలసింది అది కాదు. ఇక్కడ మూడు వేళ్ళ సందు ఉండేది, నేనే పూడ్పించాను అని చెప్పాలి. చెప్పలేదు. ఆయన గోతిలోంచి నా మొహం చూశాడు. నేను చెబుతానేమోనని కాసేపు చూసి, తర్వాత చూపు తిప్పుకున్నాడు. నేను మార్పించానన్న మాట కూడా ఎత్తలేదు. సాయంత్రానికి కొత్త పైపు వేయించారు, వేరేవాళ్ళ చేత. తెగిన ముక్క మట్టిలో కలిపి పూడ్చేశారు.

ఆ తర్వాత ఆయనకి గుంటూరు చుట్టుపక్కల పని పుట్టలేదు. ఆసుపత్రి నీళ్ళలో మురుగు కలిపిన సాయిబు అనేవాళ్ళు. వాళ్ళ మసీదులో నమాజుకి ముందు వజూ చేసుకునే కుళాయిల లైను ఆయన వేసిందే, ఇరవై ఏళ్ళుగా ఏ మరమ్మతైనా ఆయనే చేసేవాడు. ఆ ఏడు దాన్ని కూడా ఇంకొకరికి అప్పగించారు. పని పోవడం గురించి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఈ కుళాయిల సంగతి మాత్రం చెప్పాడు. చెబుతూ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మర్నాటినుంచి ఇంట్లోనే కాళ్ళూ చేతులూ కడుక్కుని మసీదుకి వెళ్ళేవాడట, ఆ కుళాయిల దగ్గర కూచోలేక.

అప్పుడు నేను ఆయన ఇంటికి వెళ్ళి, ఒప్పుకోవలసింది ఒప్పుకున్నాను. తప్పు నాదీ వాళ్ళదీ అని వాళ్ళ చేత రాయించి తెస్తానన్నాను. ఆయన భార్య తలుపు పక్కన నిలబడి విన్నది.

"పెద్ద కాగితం అక్కర్లేదు అన్నయ్యా. అతుకు బాగానే ఉందని ఒక్క ముక్క రాసిస్తే చాలు. శుక్రవారం నాడు మసీదులో చదివించుకుంటాం" అంది.

రాయడం మొదలుపెట్టాను. ట్రస్టుకి రాశాను, కాంట్రాక్టరుకి రాశాను, హైదరాబాదు ఆఫీసుకి రాశాను. మొదట తెలుగులో, తర్వాత డిక్షనరీ ముందు పెట్టుకుని ఇంగ్లీషులో. గోడా, నేలా, పైపూ, సందూ బొమ్మ గీసి జతచేశాను. పూడ్పించింది నేనేనని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. ట్రస్టువాళ్ళు ఉత్తరం తీసుకోకుండా తిప్పి పంపారు. కాంట్రాక్టరు రోడ్డు మీద కనిపించి, పాతవన్నీ ఎందుకు తవ్వుతావు, నీకేం కాలేదుగా అన్నాడు. హైదరాబాదు ఆఫీసుకి ఒకసారి స్వయంగా వెళ్ళాను. కింద కాపలా మనిషి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు, పైకి మాత్రం పంపలేదు.

ఆయన చీమకుర్తి వెళ్ళిపోయాడు. గ్రానైటు కోసేచోట రంపాల మీద నీళ్ళు పడే లైన్లు చూసే పని. ఎక్కడెక్కడినుంచో వచ్చిన కూలీల మధ్య ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు, అదే ఆయనకి కావలసింది. అక్కడి దుమ్ము ఛాతీలోకి దిగింది. మూడేళ్ళకి దగ్గు పట్టి, లేవలేక, భార్య పుట్టిల్లు పొదిలి చేరాడు. నేను నెలకోసారి బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ మంచంమీదనుంచి తల కాస్త ఎత్తి, "కాగితం వచ్చిందా బావా?" అనేవాడు. ఇంకా రాలేదు, రాస్తూనే ఉన్నాననేవాణ్ణి. "రాయి రాయి, నీ చేతిరాత బాగుంటుంది" అనేవాడు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు అడగలేదు. నా చేతివైపు చూసి ఊరుకున్నాడు. ఆ నెలలోనే పోయాడు. మట్టి చేసేటప్పుడు నేనూ మూడు గుప్పిళ్ళు వేశాను. పొదిలి ఎర్రమట్టి అది.

ఆయన పోయాక కూడా మానలేదు. ఎవరికోసం అని మా ఇంట్లో అడిగారు. ఆయన భార్య బతికే ఉంది, శుక్రవారాలు వస్తూనే ఉన్నాయి అన్నాను. హైదరాబాదు ఆఫీసుకి ఏడాదికి రెండు ఉత్తరాల చొప్పున వేస్తూనే వచ్చాను. ఆయన పేరు పూర్తిగా, తండ్రి పేరుతో సహా, ప్రతి ఉత్తరంలోనూ రాసేవాణ్ణి. ఇక్కడ రాయడం లేదు, రాయడానికి ఆయన భార్య ఒప్పుకోలేదు.

చివరికి ఒక జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. దాన్ని పట్టుకుని పొదిలి వెళ్ళాలా వద్దా అని ఇప్పటికి మూడుసార్లు బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. దేనినీ తగ్గించకుండా, పెంచకుండా తెలుగులో పెడుతున్నాను.

"అయ్యా, మీ ఉత్తరాలు అందినవి. జవాబు ఆలస్యమైనందుకు చింతిస్తున్నాము. మీరు ప్రస్తావించిన ఆసుపత్రి మోడల్‌ను మా వాళ్ళు మళ్ళీ తెరిచి పరిశీలించారు. నల్లరేగడి నేలల్లో, భవనం దాటి బయటికి వెళ్ళే పైపుల దగ్గర కదలికకు వీలు వదలడం అవసరమేనని అంగీకరిస్తున్నాము. ఆ తర్వాత మేము చేసిన పనులన్నిటిలోనూ అలాగే చూపిస్తున్నాము. ఈ విషయం మా దృష్టికి తెచ్చినందుకు మీకు కృతజ్ఞతలు. ఇక మీరు రాసిన మేస్త్రి సంగతి. ఆ కట్టడానికి సంబంధించి మా దగ్గరున్న కాగితాలలో గాని, మోడల్‌లో గాని ఆయన పేరు ఎక్కడా లేదు. ఆయనపై ఏ ఆరోపణా నమోదు కాలేదు. కాబట్టి మేము వెనక్కి తీసుకోవలసినది ఏమీ లేదని తెలియజేస్తున్నాము."